గుడియాత్తం గూఢచారి

డిగ్రీ ముగించిన ఆ రోజుల్లో నాకు లోకంలో ఒకే ఒక్క లోటు కనిపించేది. గూఢచారి సినిమాల్లో నిజం లేదు! మిగతా లోకమంతా సవ్యంగానే ఉన్నట్టు, ఆ ఒక్కటీ సరిచేసే భారం గుడియాత్తం నేతవీధిలో ఉన్న నా మీదే పడినట్టు తెగ మథనపడేదాన్ని. (ఇంట్లోకి నీళ్ళు పట్టే భారం కూడా నాదే. దాని గురించి అంత మథనపడిన గుర్తు లేదు.) చెన్నై వెళ్ళి సినిమా చదువు చదవాలని నా ఆశ. వేలూరులో టీచరు ట్రైనింగులో చేర్చాలని నాయన పట్టు. మగ్గం దిగి టీవీ ముందు కూర్చుంటే నాయనకు ఏ హీరో మీదా నమ్మకం కుదిరేది కాదు. "మిద్దె మీంచి దూకినాడే, నడుం పట్టుకోలేదా వీనికి?" అని గోడలదిరేలా అడిగేవాడు. నేను చెన్నై ఊసెత్తినప్పుడల్లా ఇదే పాట. చివరికి ఒకరోజు విసిగిపోయి, "సరి, నువ్వే ఒకటి తీసి చూపించమ్మా. ఒక్క సీనన్నా నేను నమ్మితే చెన్నైకి పో. లేదంటే నోరు మూసుకోని వేలూరుకు పోవాల" అన్నాడు.

హీరోగా చినమామను పెట్టాను. అమ్మ తమ్ముడు, లుంగీలు నేసే మనిషి, ఇంకా పెళ్ళి కాలేదు కాబట్టి పిలిస్తే పలికేవాడు. విలన్ మా పక్కింటి అన్న. నూలుకు గంజి పట్టించే పనిలో ఆయన చొక్కాలు కూడా అట్టల్లా బిగుసుకుపోయేవి గనుక వీధంతా ఆయన్ని గంజి అనే పిలిచేది. ఫొటో స్టూడియోలో అడిగి తెచ్చిన కోటు, దీపావళి తుపాకి, వంటింటి కత్తి, నెత్తురుకు బీట్‌రూట్ రసం, నా ఫోను, అంతే మా సరంజామా. ఆయాసం నటించకూడదని నా నియమం. అందుకని కెమెరా పెట్టేముందు ఇద్దర్నీ వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి ఉరికించేదాన్ని. "ఏం పాపా, సుమ్మా, ఊరికే పరిగెత్తితే చాలదా? ప్రాణం పోవాల్నా?" అని మామ రొప్పుతూ అడిగేవాడు. "పోతే ఇంకా నిజంగా ఉంటాది మామా" అనేదాన్ని నేను.

అసలు సీను తరుముడు. మా వీధిలో పొద్దున్నే పడుగు పరుస్తారు. అంటే మగ్గానికి ఎక్కించబోయే నూలుపోగులన్నీ వీధి పొడవునా నడుమెత్తున బిగదీసి, గంజి పట్టించి ఆరబెడతారు. దాని మీదుగా ఎవరూ దాటరు. చుట్టూ తిరిగి పోవాలి, లేదా వంగి కిందనుంచి దూరాలి. నేతింట్లో పుట్టిన నాకు సినిమా పిచ్చిలో ఆ సంగతే తట్టలేదు. పడుగు మీదుగా ముందు గంజి ఎగిరి దూకాలి, వెనకే మామ దూకాలి, ఇదీ నా ఏర్పాటు. (నిజం కోసం తీస్తున్న సినిమాలో నడుమెత్తు ఎగరడమేమిటని దయచేసి అడక్కండి.) కేక వేశాను. గంజి సందులోంచి ప్రాణభయంతో దూసుకొచ్చి, పడుగు ముందు టక్కున ఆగి, ఒద్దికగా వంగి కిందనుంచి దూరాడు. తుపాకి గురిపెట్టి వచ్చిన మామ, విలన్ అవతలికి చేరేదాకా ఓపిగ్గా నిలబడి, తర్వాత తనూ వంగాడు. అలవాటు లేని కోటు గుండీకి తగులుకుని పోగు ఒకటి పుటుక్కుమంది. "రేయ్ గంజీ, పోగు తెగిందిరా!" అని అరిచాడు మామ. పారిపోతున్న విలన్ పారిపోయినంత వేగంగా వెనక్కొచ్చాడు. "యాడ మామా? యాడ తెగింది?" ముడి వేయాలంటే రెండు చేతులూ కావాలి కదా, "ఇది పట్టుకో" అని మామ తుపాకి తీసి విలన్ చేతికిచ్చాడు. విలన్ దాన్ని బుద్ధిగా నేలకు వంచి పట్టుకుని, రెండో చేత్తో పోగు కొస అందించాడు. ముడి పడింది. తుపాకి మళ్ళీ మామ చేతికొచ్చింది. "ఇప్పుడు పరిగెత్తురా" అన్నాడు మామ. చావో బతుకో అన్నట్టు ఇద్దరూ ఉరికారు.

నేను అరుగు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. మళ్ళీ తీద్దామంటే ఎండెక్కి పడుగు చుట్టేశారు. మామ జోలార్పేటలో స్నేహితుడి పెళ్ళికి రైలెక్కాడు, ఆ కోటుతోనే!

మర్నాడు సాయంత్రం నాయన నా ఫోను చేతిలోకి తీసుకున్నాడు. కత్తిపోటు సీను రాగానే, "బీట్‌రూట్ వాసన వస్తా ఉండాది" అన్నాడు. "ఫోన్లో వాసన యాడ వస్తాది నాయనా?" "కంటికి వస్తాదమ్మా." ఒక్కో సీనుతో చెన్నై నాకు దూరమైపోతోంది. తరుముడు మొదలయ్యేసరికి "ఇది వద్దు, ముందుకు జరుపుతా" అని చెయ్యి చాపాను. నాయన నా చెయ్యి నెట్టేశాడు. పోగు తెగినప్పుడు "అయ్యయ్యో" అంటూ లేచి నిలబడ్డాడు. తుపాకి చేతులు మారినప్పుడు నవ్వు ఆపుకోలేక తువ్వాలు కళ్ళకద్దుకున్నాడు. "ఇది నమ్మినా! పోగు తెగినాక ఎవుడన్నా పరిగెత్తుతాడా?"

"అది తప్పు సీను నాయనా. తీసేస్తా."

"తీసేసినావంటే చెన్నై కూడా తీసేస్తా."

నేను గెలిచానని నా బుర్రకు వెంటనే ఎక్కలేదు. ఆ సీను ఎంత చెత్తదో నాయనకు నచ్చజెబుతూనే ఉన్నాను. చివరికి అమ్మ వంటింట్లోంచి, "నోరు ముయ్యవే! ఆయన మనసు మారిపోతాది!" అని కసిరింది.

ఇప్పుడు చెన్నైలో ఎడిటింగ్ గదిలో కూర్చుని ఆ గూఢచారి సినిమాలే కత్తిరిస్తున్నాను. హీరోలు గాల్లోంచి గాల్లోకి దూకుతారు, నేను నోరెత్తను. అప్పుడప్పుడు అరుగు మీద ఏడుస్తున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. నీ సినిమా పాడైపోలేదే పిచ్చిదానా అని చెప్పాలనిపిస్తుంది. కానీ ఎదురైతే చెప్పను. ఒక సీను కోసం నేను అంత మనసుపెట్టి ఏడ్చి చాలా ఏళ్ళయింది. కాసేపు పక్కన కూర్చుని ఆ ఏడుపు చూస్తాను, అంతే.