లారీకి ఉగాదేంది?

మొన్న జమ్మికుంటలో రైలు గేటు పడి మా ఆటో ఆగినప్పుడు, ముందు నిలబడ్డ లారీ నుంచి పత్తి వాసన వచ్చింది. పొగమంచుకు కాస్త నెమ్మెక్కిన పత్తి, దాని మీద కప్పిన పట్టా, కింద కాగిన ఇంజను, డీజిలు, అన్నీ కలిసిన ఆ వాసన చేనులో రాదు, కొట్టులో రాదు, లారీ దగ్గరే వస్తుంది. ఆటో నడిపే అబ్బాయి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం గేటు లేచేదాకా ఆ వాసన పీలుస్తూ కూర్చున్నాను. చిన్ననాటి వాసన కదా, సంతోషం కలగాలి. కానీ నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా దానితో పాటు పాత గుబులు వస్తుంది.

మా ఊరు చొప్పదండి. ఊళ్లోకి కరెంటు అప్పుడప్పుడే వస్తున్న కాలంలో మా బాపు బావి కింది పొలం ఒక ముక్క అమ్మి పాత లారీ ఒకటి కొన్నాడు. బాపు పుట్టు వ్యవసాయదారుడు, లారీని కూడా ఆ కంటితోనే చూశాడు. పొలాల అమావాస్య నాడు ఎడ్లను కడిగి పసుపు కుంకుమ పెట్టిన చేత్తోనే లారీని కడిగి, దాని ముఖానికి పసుపు రాసి, బెల్లం ముద్ద పెట్టేందుకు నోరెక్కడుందో తెలియక అద్దం ముందర పెట్టేవాడు. తోలడం మాత్రం ఆయనకు రాదు. తోలేది ఓదెలు. ఆదిలాబాద్ వైపు అడవి దారుల్లో పోయి, ఆసిఫాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పత్తి ఎత్తుకొచ్చి జమ్మికుంటలో దింపడం అతని పని. మా పొలంలో పనిచేసే ముగ్గురు జీతగాళ్లకు ఎలాగో ఓదెలుకూ అలాగే జీతం: ఉగాది నుంచి ఉగాదికి ఏడాదికింత అని వడ్లు, ఒక గొంగడి, ఒక కిర్రు చెప్పుల జత, డ్రైవరు కాబట్టి పైన నెలకు కొంత రొక్కం. ఆ చెప్పులు వేసుకుంటే బ్రేకు మీద కాలు జారుతుందని అతను వట్టి కాళ్లతోనే తోలేవాడు, అవి ఏటా అతని ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడుతూ కొత్తగానే పాతబడేవి.

ఓదెలు బిడ్డ లస్మి, నేను నాలుగో తరగతి. లారీ సరుకు దింపి ఖాళీగా వచ్చిందంటే మాకు పండుగ. వెనక ఎక్కి, మూలమూలలా ఇరుక్కున్న పత్తిని ఏరి మెత్తగా పరుచుకుని, దాని మీద కూర్చుని గచ్చకాయలు ఆడేవాళ్లం. ఓదెలు మామ తెచ్చిన సీతాఫలాలు కళ్లు విచ్చాయా లేదా అని నొక్కి నొక్కి చూసి పాడుచేసేవాళ్లం. అటు పోయి వచ్చిన రెండు రోజులు ఆయన మాటల్లో మరాఠీ ముక్కలు దొర్లుతుంటే విరగబడి నవ్వేవాళ్లం. లెక్కలు లస్మికి వచ్చేవి, నాకు రాకపోయేవి. ఆమె పలక చూసి రాసుకోవడమే నా చదువు.

ఆ ఏడు కార్తీకంలో ఓదెలు తల్లికి పక్షవాతం వచ్చింది. ఒక పొద్దున బాపు వాకిట్లో వేపపుల్ల నములుతుంటే ఓదెలు వచ్చి నిలబడ్డాడు. నేను అరుగు మీద చద్దన్నం తింటున్నాను.

"పటేలా, జీతం జర పెంచుండ్రి. మా అవ్వకు కాలు చెయ్యి పడిపాయె. మా ఇంటామెకు ఆమెను చూసుడే సరిపోతుంది, బీడీలు అయితలేవు. బీడీల లెక్క తక్కువైతే సేటు ఆకు ఇచ్చుడు బంద్ చేస్తడు. మీరు పెంచకపోతే లస్మిని బడి మాన్పించి బీడీలకు కూసోబెట్టుడే."

బాపు నోరు కడుక్కున్నాడు. కడుక్కోవడానికి మామూలు కంటే ఎక్కువ సేపే పట్టింది.

"నీ తిప్పలు నాకు తెల్వదారా ఓదెలూ. అయితె ఉగాది రానియ్యి. నడిమిట్ల జీతం మాట్లాడుడు మా తాతల నాడు లేదు, నా నాడు లేదు. ఉగాదికి నీ మనసు నిండేటట్టు మాట్లాడుత."

"సరే పటేలా" అని ఓదెలు లారీ దగ్గరికి వెళ్లిపోయాడు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం, ఆమె వంటింట్లోంచి బయటికొచ్చి అందుకుంది. "అదేమన్న ఎడ్ల బండా? లారీకి ఉగాదేంది? ఇయ్యాల అడిగినోనికి ఉగాదికి ఇచ్చుడేంది?"

"నీకు తెల్వదు. ఇయ్యాల వీనికి పెంచితే రేపు కల్లం కాడ ముగ్గురు జీతగాళ్లు చేతులు కట్టుకుని నిలవడ్తరు" అన్నాడు బాపు. ఆయన పిసినారి కాడు, పెట్టే చెయ్యే. ఒక దారం లాగితే బట్టంతా ఊడుతుందన్న భయం ఆయనది.

నేను లస్మి దగ్గరికి పరుగెత్తి ఉగాదికి పెంచుతాడట అని చెప్పాను. "ఉగాది ఎన్నడొస్తదే?" అంది. మాకిద్దరికీ తెలియదు. పెద్దపరీక్షల వేళకు వస్తుందని పంతులు చెప్పాడు. అంటే ఇంకా అయిదు నెలలు.

ముందు లస్మి మధ్యాహ్నం బడి మానేసింది. తర్వాత ఒక రోజు వచ్చి ఒక రోజు మానేది. సంక్రాంతికి ఇంట్లో సకినాలు చుట్టే రోజులు వచ్చేసరికి పూర్తిగా మానేసింది. సాయంత్రం పుస్తకాల సంచితో వాళ్ల ఇంటికి పోతే, మంచంలో ముసలమ్మ మూలుగుతుండేది, ఆమె పక్కలో లస్మి ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తుండేది. నేను ఆనాటి పాఠం చదివితే మొదట్లో వెంట అనేది. రానురాను తల ఊపడమే మిగిలింది. తంబాకు ఘాటుకు తుమ్ములు వచ్చేవి నాకు, ఆమెకు రావడం ఆగిపోయింది.

ఇంట్లో బాపుకు వేరే గుబులు పట్టుకుంది. ఉగాది దాటితే జీతగాడు ఎవరి దగ్గరికైనా పోవచ్చు. ఓదెలు మంచి డ్రైవరని జమ్మికుంటలో పత్తి కొనే అడ్తి సేట్లందరికీ తెలుసు. ఒక సేటు అప్పుడే చాయ్ తాగించాడని, ఇంకొకడు భుజం మీద చెయ్యి వేశాడని కబుర్లు వచ్చేవి. లారీ ఒక పూట ఆలస్యమైతే చాలు, బాపు సడక్ మీదికి పోయి నిలబడేవాడు. ఓదెలు ముందే గొంగడి ఇప్పించుకుంటే ఆగుతాడేమోనని ఆ ఏటి గొంగడి చలి మొదట్లోనే పంపాడు, వెంట ఒక సంచి జొన్నలు. "గొంగడి కప్పితే ఆ పిల్ల బడికి పోతదా?" అంది అవ్వ. ఆ మాట తగిలిందేమో, మర్నాడు బాపు తువ్వాల భుజాన వేసుకుని ఓదెలు ఇంటికే బయలుదేరాడు. నేను వెనకాలే నడిచాను, నడుస్తున్నంతసేపూ దేవునికి మొక్కుకున్నాను. దారిలో కల్లం దగ్గర జీతగాడు మల్లయ్య ఎదురై, "పటేలా, లారాయనకు జీతం పెంచిండ్రట గద?" అన్నాడు. ఉత్తగా అడిగాడో, గుచ్చి అడిగాడో తెలియదు. "ఎవడన్నడు?" అని బాపు అక్కడి నుంచే వెనక్కి తిరిగాడు. నాకు ఏడుపొచ్చింది.

పెద్దపరీక్షలు లస్మి లేకుండానే అయిపోయాయి.

ఉగాది నాడు అవ్వ కొత్త కుండలో చింతపండు పులుసు, మామిడి తురుము, వేపపూత, పుట్నాలు వేసి పచ్చడి కలిపింది, పెనం మీద భక్షాలు పొంగుతున్నాయి. మా ఇంట్లో ఉండదలచిన జీతగాడు ఆ పొద్దున వచ్చి పచ్చడి తాగాలి, రాలేదంటే వేరే ఇల్లు చూసుకున్నట్టు. ముగ్గురూ వచ్చి తాగిపోయారు. ఓదెలు రాలేదు. బాపు పచ్చడి ముట్టకుండా గడపలోనే నిలబడ్డాడు. ఎండ ముదిరాక, లారీని కడిగి మామిడాకులు కట్టుకుని ఓదెలు వచ్చాడు. అతను నోరు తెరవకముందే బాపు జీతం చెప్పేశాడు, అడిగినదానికంటే బాగా ఎక్కువ, అదీ నెలనెలా రొక్కంగానే. ఓదెలు కళ్లు తుడుచుకుని రెండు గిన్నెల పచ్చడి తాగాడు. "పద్ధతి ప్రకారం పోతె పని ఎంత మంచిగైతదో చూసినవా?" అన్నాడు బాపు అవ్వతో. అవ్వ పెనం మీద భక్షం తిప్పేసింది.

నేను నాలుగు భక్షాలు గుడ్డలో కట్టుకుని లస్మి ఇంటికి ఉరికాను. ఇక బడికి వస్తావు కదా అన్నాను. ఆమె చేతులు ఆగలేదు. "పరీక్ష అయిపాయె గదనే. మల్ల చిన్నపోరగాండ్లతోని కూసోవాల్నా?" అంది. వానలు పడి బడి తెరిచినప్పుడు కూడా రాలేదు. ఓదెలుకు పెరిగిన జీతం ముసలమ్మ మందులకు పోయేది, లస్మి బీడీలు లేకపోతే ఇల్లు గడవని తీరు అప్పటికే పడిపోయింది.

ఇప్పుడు జీతగాళ్లు లేరు, కిర్రు చెప్పులు కుట్టే ఇల్లు లేదు, ఉగాదికి జీతం మాట్లాడుకోవడమంటే నా మనవరాలు నవ్వుతుంది. లారీ డ్రైవర్లు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు, జీతం ఫోనులో పడుతుంది, నచ్చకపోతే నెల నడుమనే తాళంచెవి అప్పగించి పోతారు. బాపు పోయాడు, ఓదెలు మామ పోయాడు. పోయినేడు లస్మి ఇంటికి వెళ్లి, ఇద్దరం ముసలివాళ్లం గడపలో కూర్చున్నప్పుడు, జీవితమంతా అడగలేని మాట అడిగాను, మా బాపు మీద నీకు కోపం లేదా అని. ఆమె నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"కోపమెందుకే? మీ బాపు మంచోడే. అడిగినదానికన్న ఎక్కువనే ఇచ్చిండు. జర ఆల్శమైంది, గంతే."