డి డ్రైవ్‌ను చెరిపింది నేను

ఎర్రగుంట్లలో నా స్టూడియో కంప్యూటర్‌లోని డి డ్రైవ్‌ను ఫార్మాట్ చేసింది నేను. హార్డ్ డిస్క్ బిగించడానికి వచ్చిన భాయ్ కాదు. ఈ మాట పన్నెండేళ్ళు నా నోటి నుంచి రాలేదు. ఊరంతా అతనే చేశాడనుకుంది. నేను అనుకోనిచ్చాను.

అప్పట్లో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాణ్ణి. కంప్యూటర్ పాతది. ఐదు వందల జీబీల డిస్క్ నిండిపోయి, ఒక పెళ్ళి ఎక్కించాలంటే ఇంకో పెళ్ళి తీసేయాల్సి వచ్చేది. చివరికి రెండు టీబీల డిస్క్ తెప్పించి, ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే భాయ్‌ని పిలిచాను. బడుల్లో, ఆసుపత్రుల్లో, సిమెంటు ఫ్యాక్టరీ కాంట్రాక్టర్ల ఆఫీసుల్లో ఏ కంప్యూటర్ ఆగినా అతనే వెళ్ళేవాడు. నా ఈడువాడే. విప్పిన స్క్రూల్లో ఏది ఏ రంధ్రానిదో రాసి, కాగితం మీద వరసగా పెట్టుకునే మనిషి.

ఆ రోజు శుక్రవారం. క్యాబినెట్ విప్పి, దుమ్ము దులిపి, కొత్త డిస్క్ బిగించాడు. తెర మీద పాతదీ కొత్తదీ రెండూ కనిపించాయి. అప్పటికి నమాజు వేళయింది.

"పోయొస్తాన్నా. వచ్చినాక కొత్తదాన్ని ఫార్మాట్ చేసి, పాతదాంట్లోదంతా ఎక్కిస్తా. అంతవరకు ముట్టుకోవాకు" అన్నాడు.

"నేనేమన్నా పసిపిల్లోణ్ణా? పో భాయ్" అన్నాను.

అతను వెళ్ళి పది నిమిషాలు కాలేదు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. ఫార్మాటే కదా, ఆ పనేదో నేనే చేస్తే సాయంత్రానికి ఎడిటింగ్ మొదలుపెట్టవచ్చు అనుకున్నాను. డి అని ఉన్నది కొత్త డిస్క్ అనుకున్నాను. అది పాత డిస్క్‌లో వీడియోలున్న భాగం. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని తెర అడిగింది. ఇంగ్లీషు రాదు అనడానికి లేదు. చదివాను. నొక్కాను.

అందులో ఒక లారీల ఓనరు తమ్ముడి పెళ్ళి మొత్తం ఉంది. కెమెరా కార్డులు అప్పటికే చెరిపి వేరే పెళ్ళికి వాడేశాం.

భాయ్ తిరిగొచ్చి, ఖాళీగా ఉన్న డ్రైవ్ చూసి కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"అన్నా, నువ్వేమన్నా నొక్కినావా?"

"నేను ముట్టుకోలే."

మౌసు పట్టుకుని డ్రైవ్‌లన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాడు. తర్వాత తనలో తను మాట్లాడుకున్నట్టు అన్నాడు: "లేచేటప్పుడు ఫార్మాట్ విండో తెరిచే ఉన్నింది. తొందరలో నేనే నొక్కింటానేమో."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉన్నా సగం పాపమే అయ్యేది. "అయ్యింటాది భాయ్" అన్నాను.

మూడు రోజులు పోయిన ఫైళ్ళు తీసే సాఫ్ట్‌వేర్ పెట్టి కూర్చున్నాడు. పేర్లు వచ్చాయి, వీడియోలు ఆడలేదు. లారీల ఓనరు స్టూడియోకొచ్చి, "యాడప్పా మా పెండ్లి?" అని కేకలేశాడు. నేను భాయ్ పేరు చెప్పాను. పని మధ్యలో నమాజుకు వెళ్ళాడని కూడా చెప్పాను. ఆ మాట ఎందుకు చెప్పానో నాకు తెలుసు. అది చెబితే ఇంకేమీ అడగరని చెప్పాను.

"పని నడమ లేచిపోతే ఇట్లనే అయితాది. వాళ్ళకు ఎవురు చెప్తారు?" అన్నాడు ఓనరు. తలూపాను. ఇదే మనిషి తన తమ్ముడి పెళ్ళిలో రాహుకాలమని మా కెమెరాలను గంటన్నర కూర్చోబెట్టాడు. అప్పుడు పని ఆగిపోయిందని ఎవరూ అనలేదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఆయన మీద కన్నా తలూపిన నా మీద.

భాయ్ ఆయన ఇంటికి వెళ్ళి తనే తప్పు ఒప్పుకుని వచ్చాడు. నెలలోపే బడులు పిలవడం మానేశాయి. ఏడాది తిరక్కుండా ఊరు విడిచాడు. నా స్టూడియో మాత్రం బాగానే నడిచింది.

ఈ మధ్య కర్నూలు వెళ్ళినప్పుడు ఫోన్ గ్లాసు పగిలితే బస్టాండు దగ్గర ఒక సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలోకి దూరాను. కౌంటరు వెనక అతనే.

"ఏమన్నా, బాగుండావా? స్టూడియో నడుస్తాండాదా?" అని కుర్చీ లాగాడు.

"కంప్యూటర్ల పని ఇప్పుడు చేయడంలేదా భాయ్?"

"లేదన్నా. నీ కాడ అట్లయినాక డిస్కులు ముట్టుకునేదే మానుకుంటి. చేసింది నాకే గుర్తు లేకపాయె. అట్లాంటప్పుడు నన్ను నేను నమ్మి ఎవురి పనైనా ఎట్ల తీసుకునేది?"

గ్లాసు వేయించుకుని వచ్చేశాను. అప్పుడు కూడా చెప్పలేదు. ఎర్రగుంట్ల చేరేవరకు బస్సులో నన్ను నేను తిట్టుకున్నాను. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

ముందు లారీల ఓనరు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన నవ్వాడు. "పాత సంగతి. ఇప్పుడెందుకు తవ్వుతాండావు? ఆయప్ప ఊర్లోనే లేడు గదా" అన్నాడు. ఊళ్ళో ఎందుకు లేడో అడగని మనిషికి, నా అబద్ధం వల్లే లేడని గొంతు పెంచే చెప్పాను. ఎదురుగా టీ కొట్టు దగ్గరున్న నలుగురు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. అతని మీద నింద వేసింది కూడా నలుగురిలోనే.

మరుసటి రోజు పొద్దున కర్నూలు బస్సెక్కాను. దుకాణంలో ఇద్దరు గిరాకీలున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగితే మళ్ళీ తప్పించుకుంటానని తెలిసి, వాళ్ళ ముందే మొదలుపెట్టాను.

"భాయ్, ఆ పొద్దు నువ్వు నమాజుకు పోయినాక డి డ్రైవ్ ఫార్మాట్ చేసింది నేను."

అతను చేతిలో ఉన్న ఫోన్‌ను కౌంటరు మీద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను.

"అడిగితి గదన్నా నిన్ను" అన్నాడు.

"అడిగినావు. ముట్టుకోలేదని అబద్ధం చెప్పినా. నువ్వే నొక్కింటావని నీ నోటితోనే అనిపించినా. నీ నమాజును కూడా అడ్డం పెట్టుకున్నా. నీ చేతుల్లో ఏ తప్పూ లేదు భాయ్, ఆ పొద్దూ లేదు. తప్పంతా నాది. నన్ను క్షమించు."