మావారి గొంతు పట్టిన కెమెరా

కారు ముందద్దానికి కెమెరా పెట్టిస్తానని మావారు అన్నప్పుడు, దండగ ఖర్చన్నాను. ఎవడైనా వచ్చి గుద్ది తప్పు మనదేనంటే సాక్ష్యం ఉండాలన్నారాయన. పెట్టించారు. అది రోడ్డుతో పాటు కారులో మాటలు కూడా పడుతుందన్న సంగతి మాత్రం మర్చిపోయారు.

అప్పటికి నాకు కొత్తగా లైసెన్సు వచ్చింది. వాకాడులో ఉన్న మా అక్క దగ్గరికి, ఎవరినీ బతిమాలకుండా నా అంతట నేను వెళ్లి రావాలని నా ఆశ. చెయ్యి అలవాటు కావాలని ఓ రోజు మావారిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరికే అలా బయల్దేరాను. అల్లూరు దాటగానే సగం రోడ్డు దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా లారీ. తినే గింజ మీద చక్రం ఎక్కించడానికి నాకు మనసొప్పలేదు. పక్కకి తిప్పేసరికి కారు బురదలో దిగబడింది. మావారి అరుపులకి దిగిపోయి, ఇక స్టీరింగు ముట్టుకోనన్నాను.

"నేనెప్పుడరిచినా? నిదానంగానే చెప్పినా గదా" అని ఆయన వాదన. పైగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ నా డ్రైవింగు గురించి చెప్పి నవ్వించేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆదివారం మా ఆడపడుచు వస్తే, ఆ వేడుక ఆమెకీ చూపిద్దామని వీడియో టీవీలో పెట్టారు. తెర మీద వడ్లు, లారీ. ఇల్లంతా ఆయన గొంతే. "ఎక్కించు మే, ఎక్కించు! కళ్లు కనపడలా నీకు?" నా గొంతు ఎక్కడా లేదు. వడ్లు తిరగేస్తున్నావిడ కారు దగ్గరికొచ్చి అన్న మాట కూడా వినపడింది: "వడ్లు తొక్కకుండా తిప్పింది గదన్నా ఈ అక్క. ఆమెనంటావేంది?"

ఆడపడుచు నవ్వలేదు. మావారు రిమోట్ చేతిలోకి తీసుకున్నారు గానీ ఆపలేదు, చివరిదాకా విన్నారు. ముఖం చిన్నబోయింది. అన్నాళ్ల కోపం పోయి ఆయన మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"అక్క కాడికి పోయిరా. నేను రాన్లే" అన్నారు.

వెళ్లాను. అక్క చేతి అన్నం తిని, చీకటి పడకముందే తిరిగొచ్చాను. కెమెరా దండగని ఇంకెప్పుడూ అనను.

నేను స్నానం చేసి వచ్చేసరికి ఆయన నా ప్రయాణమంతా టీవీలో పెట్టుకుని చూస్తున్నారు. ఎదురుగా బస్సు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు గచ్చును గట్టిగా తొక్కుతోంది. నోరు మాత్రం మెదపలేదు.