నాలుగో గుప్పెడు

ఆ మెక్సికో అమ్మాయి పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. డెబ్బైల చివర్లో, చదువులో భాగంగా ఆరు నెలలు మన దేశంలో ఉండడానికి వచ్చింది. మొదట నంద్యాలలో ఒక షావుకారు ఇంట్లో ఉండి, శిల్పాల పని చూస్తానని ఆళ్లగడ్డలో మా ఇంటికి చేరింది. మా అవ్వ ఆమెను వంటింటి గడప దాటనిచ్చేది కాదు. ఆమె ముట్టుకున్న చెంబును చింతపండుతో తోమించేది.

ఒకరోజు నాయన కొత్త సన్నికల్లు చెక్కి పెరట్లో దించాడు. అమ్మ ఇంకా చేతులు కడుక్కుంటూనే ఉంది, ఈ అమ్మాయి వెళ్లి దాని ముందు రెండు మోకాళ్ల మీద కూర్చుంది. అమ్మ ముందే తెచ్చిపెట్టిన గిన్నెలోంచి గుప్పెడు బియ్యం వేసి నూరింది. పిండి బూడిదరంగులో వచ్చింది.

"తొదావియా" అంటూ పారబోసింది. వాళ్ల స్పానిష్‌లో 'ఇంకా కాలేదు' అని. రెండో గుప్పెడు, మూడో గుప్పెడు కూడా అదే మాటతో కోళ్ల పాలయ్యాయి.

"కొత్త రాయి ఇసక రాలుస్తాదని ఈ పిల్లకు ఎవురు చెప్పినారప్పా?" అన్నాడు నాయన.

ఎవరూ చెప్పలేదు. ఆమె ఊరు ఎంత దూరమో మ్యాపులో చూసినదాన్ని, అక్కడా ఇలాంటి రాయే ఉంటుందా అని నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

నాలుగోసారి పిండి తెల్లగా వచ్చింది. ఆమె కొంచెం పిండి తీసుకుని అరచేయి చాపింది. గడపలోంచి చూస్తున్న అవ్వ మెట్టు దిగి వచ్చి, ఆ చేతిలోని పిండిని వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకుంది. పళ్ల మధ్య కాసేపు నలిపింది.

"తొదావియా" అంటూ అవ్వ ఆ అమ్మాయి పక్కనే కూర్చుంది. "ఇంగో గుప్పెడు వెయ్యి పాపా."