అవ్వ ముచ్చటపడ్డ నల్లకోటు

ఆ రోజుల్లో ఆళ్ళగడ్డలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే సాయంత్రం ఏడున్నర దాటేదాకా ఓపిక పట్టాల్సి వచ్చేది. ఏడు నుంచి ఏడున్నర దాకా ఊళ్ళోని కన్నీళ్ళన్నీ టీవీకే ఖర్చయ్యేవి మరి. ఒక సీరియల్ వచ్చేది. ఒక కోటీశ్వరుల ఇల్లు, ఆ ఇంటి పరువు కాపాడే ఒక లాయరు, అంతే కథ. పెద్దకొడుక్కి రెండో సంసారం, చిన్నకొడుక్కి జూదం, కూతురికి మూడో పెళ్ళి, తండ్రికి ఎవరికీ తెలియకుండా ఎక్కడో పెరుగుతున్న ఒక కొడుకు. ఇన్ని జబ్బులకూ ఆ లాయరొక్కడే వైద్యుడు. నిద్రలేస్తే నల్లకోటుతో లేచేవాడు, అన్నం తింటే నల్లకోటుతోనే తినేవాడు (కోర్టుకు మాత్రం నేను చూసినంతలో ఒక్కసారి కూడా పోలేదు). జేబులోంచి ఒక కాగితం బయటికి తీస్తే చాలు, దుర్మార్గులు సోఫాలో కూలబడేవాళ్ళు. నేనప్పుడు నంద్యాలలో కొత్తగా ప్రాక్టీసు పెట్టాను. ప్రాక్టీసంటే మా సీనియర్ గారి సంచి మోయడం. ఆ సీరియల్ చూస్తూ, నేనూ ఏదో ఒక రోజు ఒకే ఒక్క కాగితంతో ఒక ఇంటిని నిలబెడతానని ఉబ్బిపోయేవాణ్ణి.

నా కోటు కూడా కొత్తదే. నంద్యాలలో మా వీధి చివర టైలరు భాయ్ కుట్టాడు. వేసుకుని చూస్తే భుజాలు జారిపోతున్నాయి. "ఏంది భాయ్, ఇందులో ఇంకొకడు పడతాడే" అంటే, "పెండ్లయితే ఆ ఇంకొకడు గూడా నువ్వే అయితావ్ లేప్పా, తొందరేంది" అన్నాడు. అలా జారిపోతున్న కోటులోనే నేను న్యాయవృత్తిలోకి దిగాను.

మా సీనియర్‌కు ఆళ్ళగడ్డలో ఒక పెద్ద క్లయింటు ఉండేది. ఊరంతా దాన్ని పెద్దిల్లు అనేవాళ్ళు. భూములు, మిరప గోదాములు, బేతంచెర్లలో నాపరాళ్ళు పాలిష్ చేసే ఫ్యాక్టరీ, ఇవన్నీ ఒక అవ్వ పెత్తనం కింద ఉండేవి. అవ్వకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన ఫ్యాక్టరీ చూసుకునే వంకతో బేతంచెర్లలో ఇంకో ఇల్లు కట్టి, అక్కడ ఇంకో సంసారం నడిపేవాడు. ఈ సంగతి జిల్లా అంతా తెలుసు గానీ అవ్వ ముందు ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. అవ్వకు తెలియదనుకుంటే పొరపాటు. ఏటా మామిడికాలంలో ఒక గంప పండ్లు మా ఆఫీసుకు పంపి, "వకీలప్పా, ఇవి యాడికి పోవాల్నో నీకు తెలుసు గదా" అనేది. ఆ గంప బస్సులో బేతంచెర్ల చేర్చే బాధ్యత నాది (ఐదేళ్ళు లా చదివినందుకు నాకు దొరికిన మొదటి పెద్ద పని అదే). చిన్నాయన బెంగళూరు క్లబ్బుల్లో పేకాడి పోగొట్టుకున్నది పోగా, మిగిలిన తన వాటా అమ్ముకుందామని తహతహలాడేవాడు. అంటే సీరియల్లో ఉన్న సరుకంతా మా క్లయింటు ఇంట్లోనూ ఉంది. లేనిదల్లా సోఫాలు, నల్లకోటు.

ఎందుకంటే మా సీనియర్ ఆ ఇంటికి కోటేసుకుని పోయేవారు కాదు. కోర్టు నుంచి రాగానే కోటు ఆఫీసులో మేకుకు తగిలించేవారు, పంచె కట్టుకుని బస్సెక్కి పెద్దింటి వెనకవైపు పశువుల కొట్టం పక్కనుంచి లోపలికి నడిచేవారు. మిరప ధర, వానలు, కోడండ్ల ఆరోగ్యం అన్నీ మాట్లాడి, కొడుకులిద్దరితో కలిసి సంగటి తిని తిరిగొచ్చేవారు. కేసు మాటే ఉండేది కాదు. అసలు విషయమేమిటంటే, భాగాలు పంచమని దావా వేయడానికి కొడుకులిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు మా ఆఫీసుకు వచ్చి కాగితాలిచ్చి పోయారు. మా సీనియర్ రెండు కట్టలూ ఒకే బీరువాలో పెట్టి తాళం వేశారు. పెద్దాయన అడిగితే "ఆ పాత అడంగల్ నకలు ఒకటి తేప్పా, అది లేకుంటే నిలబడదు" అనేవారు. చిన్నాయన అడిగితే "సర్వే నంబరొకటి తేడా కొడతాంది, కనుక్కుంటాండా" అనేవారు. ఆయనకు ఆ కాగితాలతో పనిలేదు, కాలంతో పని. అవ్వ ఆయన్ను ఒక్కటే కోరింది: "నా కట్టె లేచేదాకా ఈ పడసాలలో అడ్డగోడ లేయకూడదు వకీలప్పా. అంతకు మించి నేను నిన్నేమీ అడగను." ఆ ముందరి గదిలో కొడుకులిద్దరూ పక్కపక్కన కూర్చుని తింటుంటే చూడటం ఒక్కటే అవ్వకు మిగిలిన సంతోషం. నాకు మాత్రం మా సీనియర్ ఒట్టి చేతగాని మనిషిగా కనిపించేవారు. టీవీ లాయరైతే ఒక్క ఎపిసోడ్‌లో తేల్చేసేవాడు కదా అనుకునేవాణ్ణి.

ఆ సీరియల్‌కు నాకంటే పెద్ద అభిమాని అవ్వ. చూసి చూసి ఆవిడకు ఒక కోరిక పుట్టింది. ఎండాకాలం సెలవుల్లో మా సీనియర్ కంటి ఆపరేషనుకు కర్నూలు పోయిన సమయం చూసి నాకు ఫోను చేసింది.

"చిన్న వకీలా, నేనప్పా, ఆళ్ళగడ్డ అవ్వని. రేపు మాపటికి ఇంటికి రా. రుద్రవరం నుంచి మా అక్క కోడండ్లు వస్తాండారు సీరియలు సూడ్డానికి. కోటేసుకుని రా."

"ఎందుకవ్వా, ఏమన్నా కేసు పడిందా?"

"కేసుంటేనే రావాల్నా? టీవీలో ఆయప్ప ఊరికే రాడా? మాకూ వకీలున్నాడని వాళ్ళకు తెలియొద్దూ? మీ సీనియరేమో పంచె కట్టుకుని ఎద్దుల బేరగానిలెక్క వస్తాడు. చేతిలో ఒక ఫైలు గూడా పట్టుకో, బాగుంటాది."

సీనియర్‌ను అడగాలని నాకు తోచలేదు. నిజం చెప్పాలంటే తోచింది, కాని అడిగితే వద్దంటారని కూడా తోచింది. మర్నాడు మధ్యాహ్నం కోటు తొడుక్కుని, మెడకు తెల్లపట్టీ కట్టుకుని, బల్ల మీద చేతికందిన ఒక లావుపాటి ఫైలు (ఎవరిదో గట్టు తగాదా) చంకలో పెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. రోళ్ళు పగిలే ఎండ. కోటు లోపల నేను ఉడుకుతున్నాను. బస్సంతా నన్నే చూస్తుంటే ఆ ఉడుకు కూడా హాయిగానే అనిపించింది. పక్క సీట్లో శిరివెళ్ల రైతొకాయన కొంచెం దూరం జరిగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవురింటికి సార్ ఈ పొద్దు?"

"ఆళ్ళగడ్డ పెద్దింటికి" అన్నాను, నాలుగు సీట్లవతలికి వినబడేలా.

"పెద్దింటికేనా! అంతదాకా వచ్చిందా సార్?"

"ఆ. ఇదే మొదటిసారి" అన్నాను గర్వంగా.

ఆయన శిరివెళ్లలో దిగాడు. రెండో కాలు నేల మీద పెట్టకముందే ఫోను చెవికి పెట్టడం కిటికీలోంచి చూశాను. నా గురించి నలుగురికీ చెబుతున్నాడని మురిసిపోయాను. చెబుతున్న మాట వాస్తవమే. మా వైపు నల్లకోటు కోర్టు గడప దాటి ఒక ఇంటి గడప తొక్కిందంటే జనానికి తెలిసిన అర్థం ఒక్కటే, జప్తు. ట్రాక్టరు పట్టుకుపోవడానికో, ఇంటికి తాళం వేయడానికో కోర్టు అమీనాతో పాటు వచ్చేది ఆ కోటే. అక్కడే పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. కాని ఆ పూట నేను మా ఊరివాణ్ణి కాదు, టీవీ మనిషిని.

ఆళ్ళగడ్డలో దిగేసరికి బట్టల కొట్టు ముందు నలుగురు లేచి నిలబడ్డారు. ఆటో అతను పెద్దింటి దాకా దించి, "సామాన్లకు లారీ వెనకాల వస్తాందా సార్?" అని అడిగాడు. పెద్ద వకీళ్ళకు సామాన్లు ఎక్కువుంటాయని ఇతని ఉద్దేశం కాబోలనుకుని నవ్వాను. వీధి అరుగుల మీద ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. నేను మొదటిసారిగా పెద్దింటి ముందు వాకిలి నుంచి, మెట్లెక్కి, లోపలికి పోయాను.

అవ్వ ముఖం చూడాలి ఆ వేళ! "వచ్చినాడు సూడండే మా వకీలు" అని రుద్రవరం కోడండ్లకు చూపించి, నన్ను తన కుర్చీ వెనక నిలబెట్టింది. "చేతులు ఎనక్కి కట్టుకో. గడ్డం పైకెత్తు. ఆ, అట్ల!" ఒక కోడలు నాకు ఉగ్గాని, బజ్జీ ప్లేటులో పెట్టి తెచ్చింది గాని, చేతులు వెనక్కి కట్టుకున్నవాడు తినేదెట్లా? అది అలాగే స్టూలు మీద చల్లారిపోయింది. సీరియల్ మొదలైంది. టీవీలో లాయరు మేడ మెట్లు దిగుతున్నాడు. అవ్వ ఒకసారి ఆయన్ను చూసేది, ఒకసారి తల తిప్పి నన్ను చూసి తృప్తిగా నవ్వేది.

అప్పుడే పెద్దాయన వచ్చాడు. బేతంచెర్ల నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తలనిండా రాతిపొడి. ఆయన వెనకే చిన్నాయన, చెప్పులు కూడా విడవకుండా. ఇద్దరూ అవ్వను చూళ్ళేదు. నా కోటును, చంకలో ఫైలును చూశారు.

"ఏంరా, ఏసేసినావా దావా?" అన్నాడు పెద్దాయన తమ్ముడితో. "ఇంటికి జప్తొచ్చిందంట గదా అని జనం నాకు ఫోన్లు చేస్తాండారు."

"నేనేసినానా? నువ్వేసి నన్నంటావేంది అన్నా? కోటు ఈడ కనపడతాంది, ఫైలు కనపడతాంది!"

"నేనేసింటే నా కాగితాలు ఇంగా వకీలప్ప బీరువాలో ఎందుకుంటాయిరా? ఎన్నేండ్లాయె నేనిచ్చి!"

"నీవి గూడా ఆడనే ఉన్నాయా?" అన్నాడు చిన్నాయన. "మరి నావి?"

నేను గబగబా ఫైలు విప్పి, "ఇది మీది కాదన్నా, గట్టు తగాదా, చూడండి, ఇక్కడ రాసుంది" అంటూ ఒక్కొక్కరి ముందూ పట్టాను. ఎవరూ దాని వైపు చూడలేదు. టీవీలో లాయరు సరిగ్గా అప్పుడే జేబులోంచి కాగితం తీశాడు. పాపం రుద్రవరం కోడండ్లు అటు చూడాలో ఇటు చూడాలో తెలియక నలిగిపోయారు. అవ్వ మాత్రం టీవీ వైపు చూడలేదు.

"ఇద్దురూ పోయినారా?" అంది మెల్లగా. "నాకు తెలీకుండా ఇద్దురూ ఆయప్ప కాడికి పోయినారా?"

కొడుకులిద్దరూ తలలు దించుకున్నారు. అవ్వ నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"చిన్న వకీలా, ఆ కోటు ఇప్పు నాయనా. ఉక్కపోస్తాంది నీకు."

కర్నూలు నుంచి కంటికి పట్టీతో వచ్చిన మా సీనియర్‌కు జరిగిందంతా చెప్పాను. ఆయన బీరువా తాళం నా చేతికిచ్చి, "ఆ రెండు కట్టలూ తీయప్పా. ఎవరివి వాళ్ళకిచ్చేద్దాం" అన్నారు. కట్టలు తీసి దుమ్ము దులుపుతుంటే, "అవ్వ ఉన్నన్నాళ్ళు ఈడ్చుకొస్తే చాలనుకున్న్యా" అన్నారు, నాతో కాదు, ఆ కట్టలతో అన్నట్టు. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు, ఆ బీరువా తాళమే ఆయన ప్రాక్టీసు అని. ఆ తర్వాత ఆయన ఆ ఇంటికి పోలేదు. కొడుకులిద్దరూ చెరొక వకీలును పెట్టుకున్నారు. పడసాల మధ్యలో గోడ లేచింది. ఇటుకలు మామూలువే గాని, దాని అడుగున పరిచినవి మాత్రం వాళ్ళ ఫ్యాక్టరీ రాళ్ళేనట, నున్నగా మెరిసేవి.

పంపకాల్లో అవ్వ పెద్దాయన వైపుకు వచ్చింది, టీవీ చిన్నాయన వైపుకు పోయింది. మామిడికాలంలో ఒకసారి చూడబోతే, అవ్వ మంచం గోడకు ఆనించి ఉంది. అవతల నుంచి సీరియల్ పెద్దగా వినబడుతోంది. చిన్నకోడలు అవ్వ కోసమే సౌండు పెంచేదట (ఆ ఇంట్లో గోడకు లొంగని మనిషి ఆవిడొక్కతే). నేను పోయింది వెనక దారిన, పశువుల కొట్టం పక్కనుంచి, చొక్కాతో. అవ్వ నన్ను మంచం మీదే కూర్చోబెట్టుకుంది.

"మాటలు వినపడతాండాయి గాని మనుషులు కనపడరు. ఆయప్ప ఇంగా కోటేసుకునే ఉన్నాడా?"

"ఉన్నాడవ్వా."

"పాపం" అంది అవ్వ. "ఇప్పమని చెప్పేవాళ్ళు లేరేమో."

ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు అవ్వ. సీరియల్ ఆమె తర్వాత కూడా నడిచి, చివరికి ఆ లాయరు కుటుంబాన్నంతా కలిపి ఒక ఫోటో తీయించడంతో ముగిసింది. నేను ఆ ఎపిసోడు చూళ్ళేకపోయాను. లేచి బయటికి పోయాను.

ఇప్పుడు నేనే సీనియర్‌ను. మా సీనియర్ మేకు మీదే నా కోటు తగిలిస్తాను. టైలరు భాయ్ మాట నిజమై అది నాకు సరిగ్గా సరిపోయింది, ఇంకా చెప్పాలంటే కొంచెం బిగుతు. అన్నదమ్ములెవరైనా భాగాలకని వస్తే "పాత అడంగల్ తేప్పా, అది లేకుంటే నిలబడదు" అంటాను. మా జూనియర్లు తలుపు వెనక నవ్వుకుంటారు, ఈయనకు దావా వేయడం చేతకాదని. నవ్వనివ్వండి, ఆ తలుపు వెనక నేనూ చాలానే నవ్వాను. మొన్నొక రోజు శిరివెళ్లలో ఒక క్లయింటు తల్లిని పలకరించడానికి బయల్దేరుతుంటే, మా చిన్న జూనియర్ కోటు వేసుకుని, అద్దంలో చూసుకుని, కారు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. భుజాలు జారిపోతున్నాయి వాడికి.

"ఆ కోటు ఇప్పు నాయనా" అన్నాను. "ఉక్కపోస్తాంది నీకు."

వాడు నా వైపు విచిత్రంగా చూశాడు. అది డిసెంబరు. నల్లమల నుంచి వచ్చే చలిగాలికి నా పళ్ళే టకటక కొట్టుకుంటున్నాయి.