అవ్వ ఊరుకున్న రోజు

దుమ్ముగూడెం అవతలి అడవి పల్లె నుంచి ఆ అవ్వను మా ఐసీయూకి తెచ్చేసరికి ఆమె ఊపిరితిత్తుల నిండా నిమ్ము. కొన్నాళ్లు వెంటిలేటర్ మీద ఉంచాం. గొట్టం తీసేశాక ఇక బతుకుతుందనుకున్నాను. అప్పుడు మొదలైంది మతిభ్రమ. తానెక్కడుందో తెలియదు, పగలో రాత్రో తెలియదు. కోయ భాషలో కేకలు పెట్టేది. సెలైన్ సూది పీకేసుకునేది. ఆపబోతే నా చెయ్యి కొరికింది.

"మొండి ముసల్ది. చేతులు కట్టెయ్," అంది నాతో డ్యూటీలో ఉన్న సీనియర్ నర్సు. ఆమె చెడ్డ మనిషి కాదు. మంచాలన్నీ నిండి ఉన్నాయి, మేం ఇద్దరమే. ఇద్దరం కలిసే అవ్వ చేతులు మంచానికి కట్టాం.

నాకు కోయ రాదు. వరండాలో కూర్చున్న ఆమె కూతుర్ని లోపలికి పిలిచాను.

"ఏమంటాంది మీ అమ్మ?"

ఆమె కాసేపు విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీరు సంపుతరని భయపడ్తాంది సిస్టర్. గందుకే కట్టేసిండ్రంట. నన్ను గూడ మీ మనిషే అంటాంది. నా బిడ్డ గిట్లుండదంటాంది."

కట్లు విప్పి అవ్వ చెయ్యి కూతురి చేతిలో పెట్టాను.

"వదలకు. మాట్లాడుతనే ఉండు. మీ ఊరి సంగతులు చెప్పు."

ఆ రోజంతా కూతురు చెబుతూనే ఉంది. తల్లి చెయ్యి లాక్కుంటూనే ఉంది.

మర్నాడు అవ్వ ఊరుకుంది. సీనియర్ నర్సు హమ్మయ్య అనుకుంది. కూతురి ముఖం విప్పారింది.

"ఇయ్యాల మంచిగున్నది సిస్టర్. లొల్లి లేదు. ఇంటికి పంపుతరా?"

అరిచే రోగి కంటే ఉన్నట్టుండి ఊరుకునే రోగే నన్ను భయపెడతాడు. అవ్వ కళ్లు తెరిచే ఉన్నాయి, వాటిలో చూపు లేదు. పిలిస్తే పలకలేదు. చెయ్యెత్తి వదిలితే పరుపు మీద పడిపోయింది. డాక్టరును పిలిచాను. ఊపిరితిత్తుల్లోని ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నాడు. మందులు మార్చాడు. కూతురు మాత్రం అవ్వ తల దువ్వి, దారిలో తాగడానికి నీళ్ల సీసా నింపుకుంటోంది. అవ్వ బతకడం కష్టమని ఆమెకు డాక్టరే చెప్పాడు.

మరుసటి మధ్యాహ్నం కూతురు వరండాలో ఉండగా, తెలివి రాకుండానే అవ్వ పోయింది.

మణికట్ల మీద కట్ల గుర్తులు ఇంకా కమిలి ఉన్నాయి. కూతురు వాటిని బొటనవేలితో నిమిరింది. కోపంగా అడుగుతుందనుకున్నాను.

"ఆఖరికన్న నన్ను గుర్తువట్టిందా సిస్టర్? నువ్వు దగ్గర్నే ఉన్నవ్ గదా."

"అవ్," అన్నాను.

నమ్మిందో లేదో. తల్లి ముఖం తుడిచి, స్ట్రెచర్ వెంట నడిచింది. పక్క మంచం మీది మనిషి ఎవరినో పిలుస్తున్నాడు. నేను అటు వెళ్లాను.