మానిటరుకు కట్టిన నిమ్మకాయల దండ

మా ఫ్రిజ్ తలుపు మీద కరెంటు బిల్లును పట్టుకుని ఉన్న పాత స్పీకరు అయస్కాంతాన్ని చూసినప్పుడల్లా, తెలివితక్కువతనానికీ బరువుంటుందనీ, నాది గుప్పెడంత ఉందనీ గుర్తొస్తుంది.

మాచర్ల బస్టాండు దగ్గర నాన్నకు పెళ్లికార్డులు తయారుచేసే డీటీపీ సెంటరుండేది. ఆయుధపూజ నాడు కీబోర్డుకు కుంకుమబొట్లు పెట్టి, గుగ్గిళ్ల వాసనా అగరొత్తుల పొగా కలిసిన ఆ ఇరుకు గదిలో మానిటరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ కట్టే పెద్దరికం నాకు దక్కింది. దాని గుండ్రటి వీపు మీద దారం నిలవక జారిపోతుంటే, రెండో కొసకు బరువుగా ఈ అయస్కాంతాన్ని కట్టాను. పండగ సెలవులన్నాళ్లూ అది తెర పక్కనే వేలాడింది. దిష్టి సంగతేమోగాని, దృష్టి పోయింది.

కొట్టు తెరిచేసరికి తెరంతా మచ్చలు, అందులోని కార్డు మీద పెళ్లికూతురి బుగ్గలు కాకరకాయ రంగు. అయస్కాంతాన్ని నిక్కరు జేబులో దాచాను. పక్క కొట్లో టీవీలు బాగుచేసే కోటయ్య బాబాయి వచ్చి తెరను చూశాడు, నన్నూ చూశాడు.

"ఏందిరా, జేబు అంత బరువుగా ఉంది?"

"గోళీలు."

"ఊఁ. పిక్చర్ ట్యూబు పోయిందన్నా, మార్చాల్సిందే," అన్నాడు నాన్నతో.

మా ట్యూబు విప్పి, ఎక్కడిదో వాడిన ట్యూబు బిగించాడు. ఆ మసక తెరకు ముక్కు ఆనించి నాన్న ఏళ్ల తరబడి అక్షరాలు దిద్దాడు. కళ్లద్దాలు మందమవుతూ పోయాయి. ఒకప్పుడు నా కంపాసు ముల్లు తగిలి మూలన గీత పడిన మా పాత ట్యూబు మాత్రం మచ్చలేవీ లేకుండా బాబాయి మానిటర్లో వెలుగుతుండేది. ఆ సంగతి నాన్నకు చెప్పాలంటే ముందు నా జేబు ఖాళీ చెయ్యాలి. చెప్పలేదు.

నాన్న పోయి నాలుగు నెలలు. ఏడుపేమీ రాలేదు. పెళ్లిపిలుపులు ఫోన్లలోనే వస్తున్నాయి, మా కొట్లో ఇప్పుడు సెల్ కవర్లమ్ముతున్నారు. మొన్న బాబాయి దగ్గరికెళ్తే అదే గీత, అదే తెర. గోడకున్న కెమెరా పట్టిన ఆయన బొమ్మ అందులో కనిపిస్తోంది. సంచిలోంచి అయస్కాంతం తీసి ఆ బొమ్మ మొహానికి ఆనించాను. మొహం పచ్చబడింది.

బాబాయి కోప్పడలేదు. సొరుగులోంచి గుండ్రటి తీగచుట్ట తీసి బల్ల మీద పెట్టాడు. దానికి కరెంటిచ్చి తెర ముందు నాలుగుసార్లు తిప్పితే అయస్కాంతం మచ్చలు పోతాయన్నాడు.

"ఇది అప్పుడూ ఉందా?"

"ఉంది. నువ్వు నోరు విప్పుతావేమోనని చానా రోజులు చూశా."

అయస్కాంతంతో పాటు తీగచుట్టనూ సంచిలో వేసుకుని, తెర మీది పచ్చ మొహాన్ని అలాగే వదిలేసి లేచాను.

"ఏందిరా, సంచి అంత బరువుగా ఉంది?"

"గోళీలు," అన్నాను.